మూడో నంబరు

మా బడి గోడ మీద ఆవర్తన పట్టిక
కుడి అంచు ఎండకి వెలిసిపోయింది.
జడవాయువులు కనపడవు.
"పర్లేదు, వాటికి ఎవరితోనూ పనిలేదు"
అంటుంది సెనోబియా టీచర్.
మూడో గడి మాత్రం
వేళ్ళు తగిలి తగిలి నల్లబడింది.
లిథియం.

కోల్చానీలో అందరికీ తెలిసిన రసాయనం ఉప్పు.
నాన్న గొడ్డలితో నేలని ఇటుకలుగా కోస్తాడు,
ఇటుకలో ఏడాదికొక పొర, వానకొక మట్టిగీత.
"సోడియం చేతిలో ఒకటి ఎక్కువ,
క్లోరిన్ గిన్నెలో ఒకటి తక్కువ.
ఇచ్చింది ప్లస్, పుచ్చుకుంది మైనస్.
ఇక వదలమన్నా వదలవు."
నీళ్ళు అడిగితే మాత్రం వదులుతాయి.
అది మా అమ్మ చెప్పింది, సూప్ కలుపుతూ.

పోయిన ఆగస్టులో
మమ్మల్ని మైదానం మీదికి నడిపించింది టీచర్.
కనుచూపు మేరా తెలుపు.
శాలువా ముడి విప్పి
ఆవగింజకి అన్నలాంటి క్వినోవా గింజ ఒకటి
నేల మీద పెట్టింది.
"కేంద్రకం.
మూడు ప్రోటాన్లు, నాలుగు న్యూట్రాన్లు
ఇరుకిరుగ్గా ఇందులోనే.
ఇక నడవండి, మూడో ఎలక్ట్రాన్ ఎక్కడుంటుందో
నేను చెబుతాను."

పది అడుగులు. ఇంకా.
ముప్ఫై. ఇంకా.
సగం మాట గాలి తినేసింది.
ఎనభై దగ్గర చెయ్యెత్తింది.
తిరిగి చూస్తే గింజ లేదు,
టీచరే బొటనవేలంత.
మధ్యలో ఏముంది? అని అరిచాడు సిప్రియాన్.
ఏమీ లేదు! అని అరిచింది.
ఈ ఉప్పూ, నీ ఎముకలూ, మీ నాన్న లారీ
అన్నీ అంతే!
మరి నేలలోకి ఎందుకు దిగబడం?
అది పై తరగతి పాఠం అంది.

ఫిబ్రవరిలో బడి తెరిచేసరికి
వాన నిలిచి మైదానం అద్దమైంది.
పైన మబ్బు, కింద మబ్బు.
"పుస్తకంలో గుండ్రటి గీతలు
మీ కోసం ఆడిన చిన్న అబద్ధం.
ఎలక్ట్రాన్ ఇదిగో అని వేలు పెట్టలేం.
ఎక్కువగా ఎక్కడ ఉండొచ్చో, అంతే."
సిప్రియాన్ కూడా అలాగే అయ్యాడు.
లిథియం కొలనుల దగ్గర పైపులు మోస్తున్నాడని ఒకరు,
బస్తాలు కుడుతున్నాడని ఒకరు.

హాజరులో వాడు మూడో నంబరు.
టీచర్ కొట్టేయలేదు.
"మూడు" అని పిలిచి, కాస్త ఆగి,
"నాలుగు" అంటుంది.
పట్టిక మొదట గీసినాయన
రావాల్సినవాటికి గడులు ఖాళీగా వదిలాడట,
బరువెంతో కూడా ముందే చెప్పాడట.
సిప్రియాన్ బరువు మాకూ తెలుసు.
వాడు కూర్చుంటే బెంచీ అవతలి కొస లేచేది.

జూన్‌లో, కుళాయిలో నీళ్ళు గడ్డకట్టిన పొద్దున
వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.
బూట్ల మీద తెల్లపొడి.
మేం ఉప్పనుకున్నాం.
టీచర్ అనుకోలేదు.
పాత హీటరు తీగని ఆమ్లంలో ముంచి
వాడి బూటు మడతలో అద్ది
స్పిరిట్ దీపం మీద పెట్టింది.

ముందు పసుపు.
"సోడియం. ఈ ఊళ్ళో అది దూరని చోటు లేదు."
ఆ తర్వాత
అమ్మ ఉన్నికి అద్దే ఐరాంపో గింజల ఎరుపు.
ఎవరూ ఊపిరి తీయలేదు, మంట ఆరుతుందని.

"వేడికి ఆ బయటి ఎలక్ట్రాన్ పై మెట్టెక్కుతుంది.
అక్కడ నిలవలేదు.
ఎంత ఎత్తు దిగితే అంత వెలుగు వదులుతుంది.
ఏ మూలకం మెట్లు దానివే,
అందుకే మంటని చూసి పేరు చెప్పొచ్చు."

సిప్రియాన్ బూటు వైపే చూస్తున్నాడు.
"నాలుగు నెలలు మోశాను.
ఇందులో ఎరుపుందని ఎవరూ చెప్పలేదు."

టీచర్ రిజిస్టరు తెరిచింది.
సోమవారం వాడు మళ్ళీ షిఫ్టుకి వెళ్ళాలి,
అది ఆమెకీ తెలుసు.
"మూడు" అంది.

బెంచీ అవతలి కొస లేచింది.